పాత కలపకు కొత్త కళ

"ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అన్నారు మన పెద్దలు. ఆ మాట అన్ననాటికి ఉద్యోగుల క్వార్టర్లు లేవు. ఉండి ఉంటే ఆ సామెతను వారు కొంత సవరించి ఉండేవారని మా అభిప్రాయం. ఏలయనగా, క్వార్టరు సంస్థది. గోడకు ఏ రంగు వేయవలెనో, ఎన్నేళ్లకొకసారి వేయవలెనో నిర్ణయించేది సంబంధిత విభాగం వారు. మేకు కొట్టడానికి సైతం వెనుకాడవలసిన ఆ గోడల మధ్య గృహిణి అభిరుచికి మిగిలే చోటు బహుస్వల్పం. అయితే గోడ మనది కాకపోయినా బీరువా మనది, బల్ల మనది, మంచం మనది. బదిలీ ఉత్తర్వు వచ్చిన నాడు లారీ ఎక్కి మన వెంట వచ్చేవి అవే. కావున గోడకు చేయదలచిన అలంకరణ ఏదో సామానుకే చేసుకోవడం మేలు కదా అన్న ఆలోచనతో ఈ వ్యాసం మొదలవుతున్నది.

గోడలకు అంటించే కాగితాలలో ఒక రకం ఉన్నది. దానిపై బొమ్మలు ముద్రించి ఉండవు. పువ్వులు, తీగలు, గళ్లు, చారలు కాగితంలోనే ఉబ్బెత్తుగా లేచి ఉంటాయి. రంగు మాత్రం తెలుపే. అంటించిన పిమ్మట మనకు నచ్చిన రంగు మనమే వేసుకోవచ్చును. ఈ కాగితాన్ని గోడకు బదులు పాత చెక్క సామానుకు అంటించి, రంగు వేసి, దానికి మరికొన్నాళ్ల ఆయుర్దాయం కల్పించవచ్చును. మేము ఖరగ్‌పూర్‌లో, మా నాన్నగారు చేసిన ఒక బీరువాపై ఈ పని చేశాము. ఒకసారి చెడగొట్టాము, రెండవసారి నెగ్గాము. ఆ రెండు అనుభవాలూ పాఠకులకు ఉపకరిస్తాయని తలచి విన్నవిస్తున్నాము.

ఖరగ్‌పూర్ తెలుగు వాకిళ్లు

ఖరగ్‌పూర్ రైలుతో పుట్టిన ఊరన్నది విదితమే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదో శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఇక్కడ జంక్షను నిర్మించింది. ఆ వెంటనే పెద్ద వర్క్‌షాపు, దాని చుట్టూ ఉద్యోగుల నివాసాలు వెలిశాయి. 1890 దశకంలో వేసిన తూర్పుతీరపు రైలుమార్గంలో వాల్తేరు నుండి కటకం వరకు గల భాగం 1902లో ఈ కంపెనీ చేతిలోకి వచ్చింది. నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల పల్లెలకు ఆ మార్గం బతుకుదారి అయింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వడ్రంగులు, కమ్మరులు, కూలీలు, గుమాస్తాలు రైలెక్కి వచ్చి ఇక్కడ దిగారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన శ్రీ వి.వి.గిరి తదనంతరం 1969లో రాష్ట్రపతి పదవిని అలంకరించారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడే నాటికే ఇక్కడ తెలుగువారి రెండవ తరం ఉద్యోగాలలో కుదురుకున్నది.

1072 మీటర్ల పైచిలుకు పొడవున్న ఇక్కడి ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా చాలాకాలం పేరు పొందింది. 2013లో ఆ కీర్తి గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్లికి తరలిపోయింది. కాని నిమ్‌పురా, మథురాకాటీ, న్యూ సెటిల్‌మెంట్ వీధులలో తెల్లవారుజామున వాకిట ముగ్గు మాత్రం తరలిపోలేదు. గోల్‌బజారులో బేరం సగం హిందీలో, పావు బెంగాలీలో, పావు తెలుగులో సాగుతుంది. వేసవికి ముందు మాతపూజలు వస్తే మరి చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపునకు ఆమోదం తెలిపినప్పుడు ఈ వీధులలోని వారందరూ సంతోషించారు.

మా నాన్నగారు ఆ వర్క్‌షాపులో రైలుపెట్టెల చెక్కపని చేసేవారు. పగలంతా ప్రయాణికుల బల్లలు చిత్రిక పట్టి, సాయంకాలం క్వార్టరు వరండాలో మా ఇంటి సామాను చేసుకునేవారు. టేకు ఒక్కసారిగా కొనే స్తోమత లేదు. నెలకొక పలక చొప్పున గోల్‌బజారులో కొని దాచి, పెళ్లయిన మరుసటి సంవత్సరం, అనగా 1963లో, ఆరడుగుల బీరువా ఒకటి నిలబెట్టారు. చట్రం టేకు. తలుపుల నడిమి పలకలు ప్లైవుడ్. ఒక కర్ర కొనను మరొక కర్ర రంధ్రంలో ఇమిడ్చి బిగించిన అతుకులే కాని చట్రంలో ఎక్కడా మేకు లేదు.

ఎనిమిది వందల రూపాయల బేరం

నాన్నగారు పదవీ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేసినప్పుడు ఆ బీరువా మాలంచాలోని చిన్న ఇంటికి చేరింది. వారు గతించిన పిమ్మట అమ్మ ఒంటరిగా ఆ ఇంటిలోనే ఉండిపోయింది. రెండేళ్ల కిందట ఆమె కాలుజారి పడింది. ఇక ఒంటరిగా ఉంచరాదని, మా వద్దకు తీసుకురావలెనని అన్నదమ్ములం నిశ్చయించుకున్నాము. ఇల్లు ఖాళీ చేసే పని మా మీద పడింది. పాత సామాను కొనే వ్యాపారిని పిలిచాము. అతడు బీరువా తలుపు తట్టి చూశాడు. పలకల పొరలు విడిపోయి ఉబ్బి ఉన్నాయి. పాత ఎనామిల్ రంగు పెచ్చులు లేచి ఉన్నది. మొత్తానికి ఎనిమిది వందలు ఇస్తానన్నాడు. అది కట్టెల ధర.

అమ్మ ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, బీరువాలోని చీరలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టసాగింది. కొంతసేపటికి, "అది నేకుండా నేనెక్కడికీ రాను బాబూ. మీరెళ్లండి," అన్నది. మా శ్రీమతి వ్యాపారికి టీ ఇచ్చి, మరొకసారి కబురు చేస్తామని పంపివేసింది. పిదప మాతో, "పాడయినది పలక గాని చట్రం కాదు కదండీ. పలక సంగతి చూడండి," అన్నది.

ఆమె మాట సబబుగానే ఉన్నది. పలకలు మార్చి కొత్త ప్లైవుడ్ వేయవచ్చును. కాని పలకలు చట్రం గాడిలో కూర్చుని ఉన్నాయి. వాటిని తీయవలెనంటే నాన్నగారి అతుకులు విప్పవలెను. విప్పితే తిరిగి అంత బిగువుగా కూర్చే చేతులు మాకు లేవు. సన్‌మైకా అంటిద్దామంటే ఎగుడుదిగుడు పలకపై అది సరిగా కూర్చోదని వడ్రంగి చెప్పాడు. పాలిష్ చేయడానికి పైపొర మిగలలేదు. ఇటువంటి స్థితికి తగినది ఉబ్బెత్తు కాగితమే. నునుపైన కాగితం కింది లోపాన్ని ఎత్తి చూపుతుంది. ఉబ్బెత్తు నగిషీ ఆ చిన్న చిన్న లోపాలను తనలో కలుపుకుంటుంది.

ఉబ్బెత్తు కాగితం పుట్టుక

ఈ కాగితం చరిత్ర రైలు ఉద్యోగుల కుటుంబాలకు ఆసక్తి కలిగించేదే. రైలుపెట్టెల నేలపై పరచిన లినోలియం మనలో పలువురికి గుర్తుండే ఉంటుంది. దానిని కనుగొన్నవాడు ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆంగ్లేయుడు. రంగు డబ్బాలో అవిసె నూనె గాలికి గడ్డకట్టి తోలువలె పొర కట్టడం చూసి ఆయనకు ఆ ఆలోచన తట్టిందని చెబుతారు. అదే అవిసె నూనెను చిక్కబరచి, కొయ్యపొడి కలిపి, నగిషీ చెక్కిన రోలర్ల కింద నొక్కి 1877లో గోడల కొరకు మరొక పదార్థాన్ని తయారుచేశాడు. దాని పేరు లింక్రస్టా. సంపన్నుల భవనాలలో చెక్కిన కొయ్య, పోతపోసిన సున్నపు నగిషీ ఏ శోభను ఇస్తాయో ఆ శోభను తక్కువ ఖర్చుతో ఇది ఇచ్చింది. ఇళ్లలోనే గాక రైలుపెట్టెలలోను, ఓడలలోను సైతం వాడారు.

లింక్రస్టా బరువైనది, గట్టిది. ఆ సంస్థ లండన్ దుకాణంలో పనిచేసిన థామస్ పామర్, నూలు, కొయ్య గుజ్జులతో తేలికగా వంగే ఉబ్బెత్తు కాగితాన్ని రూపొందించి 1887లో హక్కు పొందాడు. దాని పేరు అనగ్లిప్టా. ఉబ్బెత్తు చెక్కడం అనే అర్థం గల గ్రీకు మాటల నుండి ఆ పేరు పెట్టారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడినది కూడా ఆ సంవత్సరమే కావడం కాకతాళీయమే అయినా మాకు ముచ్చటగా తోచింది. నేడు ఇటువంటి కాగితాలు ఉత్త కాగితంతోను, వినైల్ పూతతోను, నురుగు వలె ఉబ్బిన వినైల్‌తోను పలు రకాలుగా లభిస్తున్నాయి.

సామానుకు కాగితం అంటించడం కూడా కొత్త సంగతి కాదు. ఐరోపాలో ముద్రిత కాగితాలను పెట్టెల లోపల అంటించే అలవాటు కొన్ని వందల ఏళ్ల నాటిది. అంతదూరం పోనేల? మన ఇళ్లలో ఇనుప ట్రంకుపెట్టె మూతకు లోపలివైపు లక్ష్మీదేవి కాలెండరు అంటించని అమ్మమ్మ ఎవరున్నారు?

వానాకాలపు చదువు

మొదటి ప్రయత్నం ఆషాఢంలో చేశాము. సెలవు అప్పుడే దొరికింది. కాగితం చుట్ట ఒకటి కలకత్తా నుండి తెప్పించాము. పలకలపై దుమ్ము తుడిచాము. సినిమా పోస్టర్లకు వాడే మైదా లై ఉడికించి, కాగితానికి పట్టించి, వెంటనే అంటించాము. బుడగలు లేచిన చోట రబ్బరు రోలరుతో గట్టిగా అదిమాము. మరునాటికే రంగు వేశాము. చూడడానికి రెండు రోజులు ముచ్చటగానే ఉన్నది.

మూడవ వారానికి అంచులు లేచాయి. నాలుగవ వారానికి అంచుల కింద నల్లని బూజు కనిపించింది. మైదా రుచి మరిగిన బొద్దింకలు రాత్రిపూట కాగితం కొరికాయి. రోలరుతో అదిమిన చోటల్లా పువ్వులు అణగిపోయి, అప్పడంవలె చదునైపోయాయి. "వానాకాలం చదువు" అన్న మాటకు మా బీరువా ప్రత్యక్ష సాక్ష్యమై నిలిచింది.

తప్పు కాగితానిది కాదు, మాదే. మిడ్నపూరు ప్రాంతపు వానాకాలంలో గాలిలోని తేమ ఎంతటిదో ఇక్కడే పుట్టి పెరిగిన మేము మరచిపోయాము. తేమకు చెక్క ఉబ్బుతుంది, కాగితం సాగుతుంది, జిగురు ఆరదు. పైగా పాత ఎనామిల్ రంగు నున్నగా ఉంటుంది. దానిని గరుకు చేయక అంటించిన జిగురు తామరాకుపై నీటిబొట్టే. లైలో బూజు పట్టకుండా పుస్తకాలు కుట్టేవారు మైలుతుత్తం కలుపుతారన్న సంగతి తెలిసి కూడా, విషపదార్థమని భయపడి మేము కలపలేదు. ఆ భయం సరైనదే. అయితే అటువంటప్పుడు మైదా జోలికే పోకుండా ఉండవలసింది.

అమ్మ ఆ బీరువా ముందు నిలబడి చాలాసేపు చూసింది. "ఏటి బాబూ, మీ నాన్న సేతిపనిని కాయితంతో కప్పెట్టేద్దామనుకున్నారేటి?" అన్నది. అందులో కోపం లేదు. కాని ఆ ప్రశ్న మమ్ములను చాలా దినాలు వదలలేదు. సెలవు ముగిసింది. అమ్మ మా వెంట రాలేదు. బీరువా బాగుపడిన నాడు వస్తానన్నది.

పలక వెనుక పెన్సిలు గీతలు

మార్గశిరంలో తిరిగి వెళ్లాము. గాలి పొడిగా ఉన్నది. ఈసారి తొందరపడలేదు. ముందుగా తడిగుడ్డతో నానబెట్టి చెడిన కాగితమంతా తీసివేశాము. తలుపుల లోపలివైపు ఏళ్ల తరబడి అంటించిన కాలెండరు కాగితాలు కూడా తీయసాగాము. ఎడమ తలుపు కింది పలకపై కాగితం ఊడివచ్చినప్పుడు లోపల పెన్సిలు గీతలు బయటపడ్డాయి. నాన్నగారి చేతివ్రాత. పలక పొడవు ముప్పై అంగుళాలు, వెడల్పు పదిహేను. కింద 1963 ఏప్రిల్ నాటి తేదీ. దాని పక్కన అమ్మ పేరులోని మొదటి అక్షరం.

అమ్మను పిలిచాము. ఆమె కళ్లజోడు తెచ్చుకుని, వంగి చూసి, వేలితో ఆ అక్షరాన్ని తాకింది. అరవై ఏళ్లు తెరిచి మూసిన తలుపు. అది అక్కడ ఉన్నట్లు ఆమెకు తెలియదు.

ఇప్పుడొక సాంకేతికమైన చిక్కు వచ్చింది. పలుచని ప్లైవుడ్‌కు ఒకవైపు మాత్రమే కాగితం అంటిస్తే, జిగురు ఆరేటప్పుడు బిగిసి పలకను ఆ వైపుకు లాగుతుంది. పలక విల్లువలె వంగుతుంది. అందువల్ల వెనుకవైపు కూడా ఒక సాదా కాగితం అంటించి సమతూకం చేయడం పద్ధతి. అట్లు చేస్తే ఆ వ్రాత కప్పబడిపోతుంది. మేము, మా శ్రీమతి, పక్క వీధి వడ్రంగి కూర్చుని ఆలోచించాము. మూడు పలకలకు వెనుక కాగితం అంటించాము. నాలుగవదానికి వెనుక కాగితం బదులు నీటితో కలిసే రంగులేని వార్నిష్ రెండు పూతలు మెత్తని కుంచెతో వేసి, వ్రాతకు దూరంగా పైన, కింద రెండు సన్నని టేకు బద్దలు అడ్డంగా బిగించాము. పలక నిలిచింది, వ్రాతా నిలిచింది.

అమ్మ ప్రశ్నకు సమాధానం కూడా అక్కడే దొరికింది. కాగితం అంటించవలసింది చెడిపోయిన చోటనే. మంచి పనిని కప్పరాదు. చట్రం మీది పాత ఎనామిల్ అంతా తీసివేసి, టేకును బయట పెట్టి, పలుచగా పాలిష్ చేశాము. అతుకులు అతుకులుగానే కనబడుతున్నాయి. కాగితం పలకల వరకే పరిమితమయింది.

పని జరిగే క్రమం

ఆసక్తి గలవారి సౌకర్యార్థం పని క్రమాన్ని కింద తెలుపుతున్నాము.

మొదట సామానును పరీక్షించాలి. చట్రం కదలరాదు, చెద ఉండరాదు. వేలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే, సన్నని పొడి రాలుతుంటే, ముందు చెదమందు పట్టించి కొన్ని వారాలు గమనించాలి. మడత బందులు, గడియలు, పిడులు విప్పి ఒక డబ్బాలో భద్రపరచాలి. విడిపోయిన ప్లైవుడ్ పొరల మధ్య ఫెవికాల్ చొప్పించి, పైన బల్లచెక్క, బరువు పెట్టి ఒక దినం ఉంచాలి.

పిదప సబ్బునీటితో జిడ్డు కడిగి, ఆరిన తరువాత గరుకు కాగితంతో రుద్దాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నది. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్లలో 90కి మించరాదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లోనే. అంతకు పూర్వపు రంగును పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లలకు, గర్భిణులకు హాని చేస్తుంది. నీటితో తడిపి రుద్దాలి. ముక్కుకు తగిన మాస్కు కట్టుకోవాలి. పిల్లలను దరికి రానీయరాదు. ఆ తడి మడ్డిని గుడ్డతో ఎత్తి వేరుగా పారవేయాలి.

గుంటలలో లప్పం నింపి, ఆరిన పిమ్మట చదును చేసి, ప్రైమరు ఒక పూత వేయాలి. ప్రైమరు లేకపోతే కొయ్య జిగురును తాగివేస్తుంది. కొయ్యలోని మరక సైతం తెల్ల కాగితంపైకి ఊరి వస్తుంది.

సాధారణంగా దొరికే కాగితపు చుట్ట 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉంటుంది. మా పలకల వెడల్పు పదిహేను అంగుళాలు గనుక అతుకు లేకుండా ఒకే ముక్క సరిపోయింది. ప్రతి ముక్కకు నలువైపులా రెండేసి అంగుళాలు అదనంగా ఉంచి కత్తిరించాము. నాలుగు ముక్కలకు మొత్తం మూడున్నర మీటర్లు పట్టింది. మిగిలిన కాగితం ఒక టీపాయి సొరుగులకు, అద్దం చట్రానికి వచ్చింది. పువ్వుల వరుస నాలుగు పలకలలోనూ ఒకే ఎత్తున రావలెనంటే కత్తిరించేటప్పుడే చూసుకోవాలి.

జిగురు విషయంలో మైదా వద్దు. గోడ కాగితాల కొరకు అమ్మే జిగురుపొడి గాని, కొద్దిగా నీరు కలిపి పలుచన చేసిన ఫెవికాల్ గాని వాడాలి. ఉత్త కాగితం రకమైతే జిగురు పట్టించి, మడిచి, ఐదు నుండి పది నిమిషాలు నాననివ్వాలి. కాగితం తడికి సాగుతుంది. సాగిన తరువాత అంటిస్తే బుడగలు రావు. ముందే అంటిస్తే పలక మీద సాగి ముడతలు పడుతుంది. మా మొదటి తప్పులలో ఇది ముఖ్యమైనది. వినైల్ రకాలకు చుట్టపై ఇచ్చిన సూచన పాటించాలి. నడుమ నుండి అంచులకు మెత్తని కుంచెతో గాలిని తోయాలి. రోలరుతో అదిమితే ఉబ్బెత్తు నగిషీ చస్తుంది. అంచులను కొత్త బ్లేడుతో చట్రం వెంబడి కోయాలి. మొండి బ్లేడు తడి కాగితాన్ని చింపుతుంది.

రెండు దినాలు ఆరనివ్వాలి. ఎండలో పెట్టరాదు. తరువాత నీటితో కలిసే ఎమల్షన్ గాని, ఆక్రిలిక్ రంగు గాని రెండు పలుచని పూతలు వేయాలి. చిక్కగా ఒకే పూత వేస్తే పువ్వుల సందులు నిండి నగిషీ మాయమవుతుంది. రంగు ఆరిన పిమ్మట, దాదాపు పొడిగా ఉన్న కుంచెను కొంచెం లేతరంగులో ముంచి, గుడ్డకు తుడిచి, పైపైన తాకిస్తే ఎత్తైన చోట్లు మాత్రమే మెరుస్తాయి. చివరకు రంగులేని వార్నిష్ ఒక పూత వేస్తే చేతి మరకలు తడిగుడ్డతో తుడుచుకోవచ్చును.

మా పనికి ఆదివారాలు నాలుగు పట్టాయి. ఖర్చు కొత్త బీరువా ధరలో పదవ వంతు కూడా కాలేదు.

ఎక్కడ కూడదు, ఏది దొరకనప్పుడు ఏమి

భోజనాల బల్ల పైభాగానికి, కుర్చీ కూర్చునే చోటికి, పొయ్యి దగ్గరి అలమరకు, స్నానాల గది పరిసరాలకు ఈ కాగితం తగదు. ఒరిపిడి, వేడి, తడి దీనికి మూడు శత్రువులు. తలుపు పలకలు, సొరుగుల ముఖాలు, మంచం తలవైపు చెక్క, అద్దం చట్రం, పెట్టెల మూతలు తగిన చోట్లు. చెక్కపని గొప్పగా ఉన్న పురాతన వస్తువులపై దీనిని అంటించడం తగని పని. వాటికి పాలిష్ చాలును.

కాగితం దొరకని ఊళ్లలో ఉన్నవారు నిరుత్సాహపడనవసరం లేదు. పలుచని టిష్యూ కాగితాన్ని నలిపి, ముడతలు పూర్తిగా పోకుండా పలుచని ఫెవికాల్‌తో అంటించి రంగు వేస్తే తోలువంటి గరుకు వస్తుంది. ముగ్గులు వేయడంలో నేర్పు గల మన గృహిణులు లప్పాన్ని ప్లాస్టిక్ సంచి కొనలో నింపి, గోరింటాకు కోన్ వలె పిండుతూ పలకపై ఉబ్బెత్తు ముగ్గు తీర్చవచ్చును. ఖరగ్‌పూర్ పరిసరాలవారికి మరొక అదృష్టం కలదు. ఈ జిల్లాలోని సబంగ్ ప్రాంతంలో నేసే సన్నని మాదుర్ చాపలు ప్రసిద్ధమైనవి. ఆ చాప ముక్కను తలుపు పలకలో బిగిస్తే దాని అందమే వేరు.

ఇటుక ఎరుపు

పలకలకు ఏ రంగు వేయవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు మా శ్రీమతి లేత ఆకుపచ్చ అన్నది, మా అమ్మాయి తెలుపు అన్నది. "అత్తయ్యా, మీరు చెప్పండి," అని మా శ్రీమతి అడిగింది. అమ్మ కొంతసేపు ఆలోచించి, "మీ మావయ్య పనిసేసిన రైలుపెట్టెల రంగెయ్యండి," అన్నది. నీలిరంగు రాకమునుపు, 1990 దశకం వరకు మన రైలుపెట్టెలకు ఉండిన ఇటుక ఎరుపు అది. సాయంకాలం ఇంటికి వచ్చే నాన్నగారి గోళ్ల సందున ఆ రంగు ఉండేదని ఆమె చెప్పగా మాకు గుర్తుకు వచ్చింది.

ఆ రంగే వేశాము. టేకు చట్రం నడుమ ఎర్రని పలకలు, వాటిపై తీగలు. పాత వ్యాపారి వీధిలో పోతూ ఆగి చూసి, ఇప్పుడైతే ఆరువేలు ఇస్తానన్నాడు. అమ్మ నవ్వి, అమ్మేది కాదన్నది.

సంక్రాంతి వెళ్లిన వారానికి బీరువా లారీ ఎక్కింది, అమ్మ రైలెక్కింది. నేడు మా క్వార్టరు వెనుక గదిలో, సంస్థవారి తెల్లగోడకు ఆనుకుని ఆ బీరువా నిలిచి ఉన్నది. ఒక వానాకాలం గడచింది. అంచులు లేవలేదు, పలక వంగలేదు. ప్రతి ఉదయం అమ్మ ఎడమ తలుపు తెరిచి చీర తీసుకుంటుంది. తలుపు మూసే ముందు కింది పలకకేసి ఒకసారి చూస్తుంది.

పాత సామాను అమ్మదలచిన సోదర ఉద్యోగులకు, సోదరీమణులకు మా మనవి ఒక్కటే. వ్యాపారిని పిలిచే ముందు ఒక ఆదివారం దానిని తట్టి చూడండి. చట్రం గట్టిగా ఉంటే పలక సంగతి చూసుకోవచ్చును. పని మాత్రం వానలు వెలిసిన తరువాతనే మొదలుపెట్టండి.